“మీ వంశంలో ఉందా?” అని అడిగారండి

ఎప్పుడూ చేను గురించో, ధాన్యం ధర గురించో, కాలవ నీళ్ళ గురించో రాస్తుంటాను. ఈసారి మా ఇంటి విషయం రాస్తున్నాను. మా చిన్నోణ్ణి అడిగే రాస్తున్నానండి. “రాయి నాన్నా, పదిమందికీ తెలుస్తుంది. నా ఫొటో మాత్రం పెట్టకు” అన్నాడు. పోస్టు కొంచెం పొడుగు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన నెల మావోడికి ఒక సంబంధం వచ్చింది. భీమడోలు అవతల వాళ్ళు. మంచి కుటుంబం, పిల్ల చదువుకుంది, మాటలన్నీ కుదిరినట్టే ఉన్నాయి. కాఫీలు తాగుతుండగా మావోడే పిల్ల తండ్రితో, “మామయ్యగారూ, నాకు పెద్దపేగు జబ్బు ఉందండి. రోజూ మందు వేసుకోవాలి. ఇప్పుడు బాగానే ఉన్నాను. ముందే చెప్పటం ధర్మం కదా అని చెప్తున్నాను” అన్నాడు. నిజం చెప్తున్నాను, నేను బల్ల కింద వాడి కాలు తొక్కాను. వాడు ఆగలేదు.

ఆయన కాసేపు గ్లాసు వంక చూసి, “మీ వంశంలో ఉందా అండి ఇది?” అన్నారు.

నాకు నోరు పెగల్లేదు. వారం తర్వాత మధ్యవర్తి ఫోన్ చేసి జాతకాలు కలవలేదన్నాడు. ఆ రాత్రి మా ఇంటావిడ అన్నం తినలేదు. “అందరూ మా పుట్టింటి వైపు నుంచే వచ్చిందనుకుంటారు కదా” అంది.

ఆవిడ ఎందుకన్నదంటే, మాది మేనరికం. మా అమ్మ సొంత తమ్ముడి కూతురే మా ఆవిడ. వాళ్ళ చిన్నాన్న ఒకాయన ముప్పై ఏళ్ళ కిందట రక్త విరేచనాలతో పోయారు. అది ఏ జబ్బో అప్పట్లో ఎవరూ తేల్చలేదు. మావోడికి జబ్బు బయటపడ్డ దగ్గర్నుంచీ చుట్టాల్లో ఆ పాత కథ మళ్ళీ లేచింది.

ఆ పెద్దమనిషిని నేను తప్పు పట్టట్లేదండి. ఆడపిల్ల తండ్రి, అడగాలి. నేనైనా అడుగుతాను. కానీ ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలిసి కూడా చెప్పలేకపోయాను. ఆ రోజు చెప్పలేనిది ఇవాళ ఇక్కడ చెప్తున్నాను.

ముందు జబ్బు సంగతి. మావోడు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, 2020 చివర్లో, విరేచనంలో రక్తం పడటం మొదలైంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మొలలు అనుకుని షాపులో మందు కొనుక్కుని వాడాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వాళ్ళమ్మ చూసింది, తెల్లారేసరికి ఆరేడుసార్లు దొడ్లోకి వెళ్తున్నాడు. కొత్త బట్టలు ఒంటిమీద వేలాడుతున్నాయి. 64 కిలోల కుర్రోడు 52కి వచ్చాడు. మేమేం చేశాం? వేడి చేసిందన్నాం. మజ్జిగ, సబ్జా గింజలు ఇచ్చాం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన దగ్గర బిళ్ళలు వాడాం, నాలుగు రోజులు తగ్గటం, మళ్ళీ రావటం. ఇంకో మూడు నెలలు అలాగే పోయాయి. చివరికి పెద్ద డాక్టరు దగ్గర కెమెరా గొట్టం పరీక్ష చేయించి, చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపితే తేలింది. అల్సరేటివ్ కోలైటిస్. పేపర్లలో పేగుపూత అని రాస్తుంటారు చూడండి, అది.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కోలైటిస్ పెద్దపేగు లోపలి పొరని పుండు చేస్తుంది. క్రోన్స్ అనే రెండోది నోటి దగ్గర్నుంచి కింద దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడ లోతుకి దిగుతుంది. రెండిట్లోనూ మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మన పేగు మీద పడుతుంది. చేనుకి కాపలా పెట్టిన కుక్క సొంత మేకపిల్లని పట్టుకున్నట్టు. ఇది అంటుజబ్బు కాదు. ఒకే కంచంలో తిన్నా అంటదు. జిగట విరేచనాల్లాగా ఒక కోర్సు మందుతో పోయేదీ కాదు. అణగదొక్కి ఉంచాలి, అంతే.

డాక్టరుగారిని నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. “మేనరికం వల్ల వచ్చిందా అండి?” ఆయన నా వృత్తి అడిగారు. వ్యవసాయం అన్నాను. “మీ చేలో తెగులు ఎందుకొస్తుంది, విత్తనం వల్లా, చేను వల్లా?” అన్నారు. అంతే అన్నారు, తర్వాత పేషెంటుని పిలిచారు. ఇంటర్‌లో బైపీసీ చదివినోణ్ణి, ఆ మాట పట్టుకుని నాలుగేళ్ళుగా దొరికింది చదువుతున్నాను, కనపడ్డ డాక్టర్ని అడుగుతున్నాను.

మనకి తెలిసిన సంగతే చూడండి. సాంబ మసూరి, మన బీపీటీ 5204, అగ్గి తెగులుకి తట్టుకోదు. అది విత్తనంలోనే ఉన్న గుణం. అయినా ప్రతి సాంబ మసూరి చేనుకీ ప్రతి ఏడూ అగ్గి తెగులు రాదు. యూరియా దండిగా చల్లి, రాత్రిళ్ళు చలి, తెల్లారి మంచు పట్టి, ఆకు తడిగా ఉంటే వస్తుంది. అదే విత్తనం పక్క గట్టు అవతల సరిగ్గా ఎరువు వేసిన చేలో బతికిపోతుంది. మరి తెగులు విత్తనం వల్లా, చేను వల్లా? రెండూ కలిస్తేనే.

మనిషి విత్తనం మాట. 2001లో క్రోన్స్ జబ్బుకి సంబంధించి ఎన్‌ఓడీ2 అనే జన్యువుని పట్టుకున్నారు. అప్పుడు అందరూ ఇహ దొరికిపోయింది అనుకున్నారు. తర్వాత వెతికేకొద్దీ ఇలాంటి చోట్లు 200 పైన బయటపడ్డాయి. ఒక్కొక్కటీ జబ్బు వచ్చే అవకాశాన్ని కాస్తంత పెంచేదే, ఏ ఒక్కటీ ఒంటరిగా జబ్బు తేలేదు. ఆ ఎన్‌ఓడీ2లో తెల్లవాళ్ళకి కనపడే మార్పులు మన దేశస్తుల్లో చాలా అరుదని ఇక్కడి పరిశోధనల్లో తేలింది. సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునేలా హైదరాబాద్‌లో వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి మూడంటే మూడు జన్యువులు పెట్టి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి తెచ్చారు, 2008లో విడుదలైంది. వరిలో ఒక తెగులుకి మూడు చాలాయి. మనిషి పేగు లెక్క 200 దాటింది. అలాంటప్పుడు “ఫలానావాళ్ళ రక్తం” అని ఒక ఇంటి మీద వేలెత్తి చూపటం ఎలా కుదురుతుందండి?

ఇంకో గట్టి రుజువు కవలలు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు జన్యువుల్లో అచ్చు ఒకటే. అలాంటి వాళ్ళలో ఒకరికి అల్సరేటివ్ కోలైటిస్ ఉంటే రెండోవారికి వస్తుందా అని విదేశాల్లో చూశారు. ఎక్కువ జంటల్లో రెండోవారికి రాలేదు. క్రోన్స్‌లో మాత్రం రెండోవారికి రావటం దీనికంటే ఎక్కువ. అంటే రక్తం పాత్ర ఉంది, లేదనట్లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువే. అయినా అలాంటి పిల్లల్లో చాలామందికి రాదు. మన దేశంలో ఈ జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళల్లో ఇంకెవరికీ లేదు.

మేనరికం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. దగ్గరి రక్తంలో పెళ్ళిళ్ళ వల్ల కొన్ని జన్యు జబ్బులు ఎక్కువవుతాయి, అది నిజం. ఈ పేగు జబ్బులో కూడా అలాంటి అరుదైన రకం ఒకటుంది. ఐఎల్-10 అనే రక్షణ సంకేతం అందుకునే జన్యువు పాడై పుట్టిన పిల్లలకి పసితనంలోనే వస్తుంది. 2009లో దాన్ని కనిపెట్టారు. చంటిపిల్లల్లో, ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఈ జబ్బు వస్తే డాక్టర్లు అందుకే జన్యు పరీక్ష గురించి ఆలోచిస్తారు. మావోడికి వచ్చింది 24వ ఏట. అది ఈ లెక్కలోకి రాదని మాకు చెప్పారు. మా పిల్లలకి మేనరికాలు చెయ్యకూడదని నేను ముందే అనుకున్నాను, అది వేరే సంగతి. చెయ్యని తప్పుకి మా ఆవిడ ముప్పై ఏళ్ళ కిందట పోయిన చిన్నాన్నని మోసుకు తిరగక్కర్లేదు.

ఇప్పుడు చేను మాట. ఇంగ్లండులో లీస్టర్ అనే ఊరుంది. అక్కడికి వెళ్ళి స్థిరపడ్డ మన దేశస్తులు ఎక్కువ. 1992లో అక్కడి డాక్టర్లు లెక్క తీస్తే, మనవాళ్ళలో అల్సరేటివ్ కోలైటిస్ అక్కడి తెల్లవాళ్ళ కంటే ఎక్కువగా వస్తోందని తేలింది. ఈ జబ్బు మన దేశంలో పెద్దగా లేదనుకునే రోజులవి. రక్తం మారలేదు, నేల మారింది, తిండి మారింది. ఇక మన దేశంలో లేదనుకున్న మాట కూడా నిలబడలేదు. పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి చూసి 2003లో చెప్పిన లెక్క, లక్షకి 44 మంది.

మన తెలుగు నేల మీద లెక్క ఇంకా దగ్గరిది. హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రిలో డాక్టర్ రూపా బెనర్జీ బృందం పేగు బాధలతో వచ్చిన 32 వేల మంది పైన చూసి 2023లో ఒక పత్రం రాశారు. ఊరికే ఆస్పత్రిలో కూర్చోకుండా తెలంగాణ పల్లెల్లో కూడా చూశారు. పట్నం వాళ్ళలో నూటికి సుమారు 5గురికి ఈ జబ్బు కనపడితే, పల్లె వాళ్ళలోనూ దాదాపు అంతే. “ఇది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళ జబ్బు, మనకి రాదు” అని మా అరుగు మీద నేనే అన్నాను ఒకప్పుడు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానండి.

పల్లె ఎందుకు పట్నంలాగా అయ్యింది? మా అమ్మ వంటింట్లో బయట నుంచి వచ్చేది ఉప్పు, బెల్లం, కిరసనాయిలు. ఇవాళ మా ఊరి బడ్డీ కొట్టు నిండా తళతళలాడే ప్యాకెట్లు. 2021లో 21 దేశాల్లో లక్షా 16 వేల మందిని ఏళ్ళ తరబడి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది, మన దేశం కూడా అందులో ఉంది. ఫ్యాక్టరీలో బాగా మార్చిన తిండి, అంటే చిప్సు, బిస్కెట్లు, కూల్‌డ్రింకులు లాంటివి, రోజుకి ఐదుసార్లు, అంతకు మించి తినేవాళ్ళకి, రోజుకి ఒక్కసారి కూడా తిననివాళ్ళతో పోలిస్తే ఈ జబ్బు దాదాపు 80 శాతం ఎక్కువగా వచ్చింది. ఆ తిండి చెడకుండా, నూనె నీరు విడిపోకుండా కలిపే కొన్ని పదార్థాలు ఎలకల పేగులో రక్షణ జిగురుని పలచన చేస్తాయని కూడా చూశారు.

రెండోది సూక్ష్మజీవులు. ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేలలో సూక్ష్మజీవులు చస్తే ఎన్ని బస్తాలు చల్లినా పంట రాదని మనమే మీటింగుల్లో చెప్పుకుంటాం. పేగూ ఒక నేలే. కోట్ల కోట్ల సూక్ష్మజీవులు పేగులో ఉంటాయి, మన రక్షణ వ్యవస్థకి ఎవడు మనవాడో ఎవడు దొంగో నేర్పేది అవే. చిన్నతనంలో యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడిన పిల్లల్లో ఈ జబ్బులు, ముఖ్యంగా క్రోన్స్, ఎక్కువగా కనపడుతున్నాయి. మావోడికి చిన్నప్పుడు జలుబు చేస్తే చాలు, సైకిలేసుకుని వెళ్ళి ఆ బిళ్ళలు తెచ్చింది నేనే. సంతకి వెళ్ళొస్తే వాడి చేతిలో ప్యాకెట్ పెట్టిందీ నేనే.

అది తలుచుకుని చాలా రాత్రులు నిద్రపట్టలేదు. ఒకసారి డాక్టరుగారితో అనేశాను కూడా. “మీ పెద్దబ్బాయికి కూడా అవే పెట్టారు కదా, వాడికి రాలేదుగా” అన్నారు ఆయన. వెయ్యి మందిని చూసి కారణాలు చెప్పొచ్చు గానీ, ఒక్క మనిషిని నిలబెట్టి నీకు ఫలానా దాని వల్లే వచ్చింది అని చెప్పటం కుదరదట. వాళ్ళమ్మ రక్తాన్ని తప్పు పట్టకూడదంటే, నా చేతుల్నీ అంతే వదిలెయ్యాలి. ఈ రెండో సగం నేర్చుకోవటం నాకు ఇంకా కష్టంగానే ఉంది.

పొగ సంగతి వింతగా ఉంటుంది. చుట్టా బీడీ సిగరెట్టు క్రోన్స్‌ని తెస్తాయి, ఉన్నదాన్ని ముదరబెడతాయి. అల్సరేటివ్ కోలైటిస్ మాత్రం పొగ మానేసినవాళ్ళలో ఎక్కువ కనపడుతుంది. ఇది విని మా బావమరిది మళ్ళీ చుట్ట వెలిగించబోయాడు. బాబూ, ఊపిరితిత్తులు, గుండె ఏం పాపం చేశాయి? ఏ డాక్టరూ దీనికి మందుగా పొగ తాగమనడు.

కొల్లేరు నీళ్ళ వల్లే అనేవాళ్ళు కూడా ఉన్నారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఒక్కసారిగా మూర్ఛలొచ్చి పడిపోయారు, గుర్తుందిగా. రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయని ఎయిమ్స్ వాళ్ళు చెప్పారు. అది రోజుల్లో వచ్చి రోజుల్లో తగ్గింది. ఇది అలాంటిది కాదు. ఏళ్ళ తరబడి లోపల కూడుకుని వచ్చేది, వస్తే జన్మంతా ఉండేది. మంచినీళ్ళ కోసం కొట్లాడాల్సిందే, కానీ ఈ జబ్బుని ఆ ఖాతాలో రాసేసి ఊరుకోకూడదు.

ఇప్పుడు నా సొంత తప్పు. 2023కి మావోడు బాగా కోలుకున్నాడు. బరువు పెరిగాడు, రక్తం లేదు. “బాగున్నవాడికి మందెందుకు, కిడ్నీలు పోతాయి” అని చుట్టాలు. నేనూ తలూపాను. ఎవరో ఇచ్చిన ఆకు పసరు పొడి పట్టించి, బిళ్ళలు ఆపించాను. మూడు నెలలు బాగానే ఉంది. డిసెంబరు మొదటి వారం మిచౌంగ్ తుఫాను. కోసిన వరి పనలు మీద ఉంది, కొంత కళ్ళంలో రాశి పోసి ఉంది. బరకాలు కప్పుతుంటే ఇంట్లోంచి కేక. రోజుకి పన్నెండుసార్లు, అంతా రక్తమే, జ్వరం. ఆ వానలోనే కారు మాట్లాడుకుని తీసుకెళ్ళాం. తొమ్మిది రోజులు ఆస్పత్రి. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే పెద్దపేగు తీసెయ్యాల్సి వచ్చేదన్నారు. ఇంటికొచ్చేసరికి కళ్ళంలో గింజ మొలకెత్తింది. ఆ ధాన్యం గురించి ఇంట్లో ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదండి.

అందుకని చెప్తున్నాను. రెండు మూడు వారాలు దాటి విరేచనాలు, రక్తం, జిగురు, రాత్రి నిద్రలో లేచి పరిగెత్తాల్సి రావటం, కారణం లేకుండా బరువు తగ్గటం ఉంటే మొలలని మీకు మీరే తేల్చుకోకండి. ఆడపిల్లలు అస్సలు చెప్పుకోరు, తల్లులు అడగాలి. పేగు జబ్బుల డాక్టరు దగ్గరికే వెళ్ళండి. క్రోన్స్‌కీ పేగు టీబీకీ పోలిక ఎక్కువ, రెండిటికీ వైద్యం వేరు. క్రోన్స్‌కి ఇచ్చే స్టెరాయిడ్ టీబీ ఉన్నవాడికి ఇస్తే టీబీ రెచ్చిపోతుంది. పరీక్ష లేకుండా ఎవరిచ్చిన స్టెరాయిడూ మింగొద్దు. తగ్గిందని మందు ఆపొద్దు. జబ్బు మొదలై ఎనిమిదేళ్ళు దాటాక క్యాన్సర్ కోసం కెమెరా పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఇంట్లో పిల్లలకి జలుబుకీ దగ్గుకీ యాంటీబయాటిక్ కొనకండి. ప్యాకెట్ల బదులు పెరుగన్నం పెట్టండి, కూరా పప్పూ పెట్టండి. జబ్బు రాదని హామీ లేదు. చేను బాగు చేసుకున్నట్టు, అంతే. విత్తనం మన చేతిలో లేదు, నేల కొంత ఉంది.

ఇక ఆ పెద్దమనిషికి జవాబు. ఆయన ఈ పేజీ చూస్తారో లేదో తెలీదు. అయ్యా, మా వంశంలో తెలిసినంతవరకూ ఎవరికీ లేదు. మావోడి పిల్లలకి రాదని కాయితం మీద రాసివ్వలేను, మీ ఇంటి పిల్లలకి రాదని మీరూ రాసివ్వలేరు. ఈ జబ్బున్నవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. మావోడు మీ ఇంట్లో కూర్చుని నిజం చెప్పాడు. నేను వాడి కాలు తొక్కాను. మా ఇద్దరిలో మీకు నచ్చాల్సింది వాడే.

నిన్న పొద్దున మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించాను. చివరిదాకా విని, “మా చిన్నాన్న పేరు రాయలేదు కదా” అంది. లేదన్నాను. “మంచిది” అని లేచి, మావోడి మందు డబ్బాలో వారం బిళ్ళలు సర్దింది.

మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇలాంటి బాధ ఉంటే సిగ్గుపడకుండా మా ఇంటికి రండి, మావోడే మాట్లాడతానన్నాడు. వచ్చే వారం దాళ్వా ఆకుమడుల గురించి రాస్తాను. సెలవండి.